గీకుడు, నేను, నీలం నత్తలు

3, సోమవారం

డైరీ అని ప్రత్యేకంగా కొన్నది కాదు. బళ్లో డ్రాయింగు టీచరు పని మానేసినప్పుడు నాతో పాటు వచ్చేసిన హాజరు పట్టీ ఇది. అన్నీ గళ్లే, ఒక్క పేరూ లేదు. ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను.

నిజం ఒకటి: పిల్లల కోసం మేం ముగ్గురం తెరవబోతున్న ఈ పాత ఐసు ఫ్యాక్టరీలో ఎలుకలు లేవు. ఉన్నాయని తమ్ముడు, లేవని మరదలు. మరదలే నెగ్గింది. ఎలుకలుంటే తన నత్తలు బతకవని ముందే మూలమూలా వెతికి పెట్టుకుంది.

నిజం రెండు: గీకుడికి బొమ్మలు గీయడం రాదు.

ఇది తమ్ముడికి తెలియదు. పదిహేడేళ్లు లిఫ్టులు బాగుచేసినవాడు, ఉద్యోగం వదిలేసి, కారు అద్దాలు తుడిచే మోటార్లు రెండూ, పాత లిఫ్టు తలుపులూ, ఒక కెమెరా కలిపి గీకుణ్ణి తయారుచేశాడు. ముందున్న పళ్లెంలో పిల్లలు ఒక ఆకు పెట్టాలి. పళ్లెం లోపలికి పోతుంది, తలుపులు మూసుకుంటాయి, లోపల ఇనుప చెయ్యి నాలుగు నిమిషాలు గీస్తుంది, టింగుమని గంట మోగుతుంది, కింది సందులోంచి కాగితం జారుతుంది. తలుపులెందుకురా అంటే, "వెలుతురు సమానంగా ఉండాలక్కా" అన్నాడు. అబద్ధం. తలుపుల్లేని యంత్రాన్ని చూస్తే వాడికి ఎవరో బట్టల్లేకుండా నిలబడ్డట్టు ఉంటుంది. పైన 'ఎనిమిది మందికి మించరాదు' అన్న రేకు కూడా పీకలేదు.

ఇవాళ మొదటిసారి గులాబి ఆకు పెట్టాం. కాగితం నిండా నీలం పిచ్చిగీతలు. తమ్ముడు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "ఈనెలు బాగా పట్టాడు" అన్నాడు.

గీకుడన్న పేరు పెట్టింది నేనే, అది చాలు.

4, మంగళవారం

గుమ్మం మీద పేరు బోర్డు రాసే మనిషికి చెయ్యి బెణికిందట. తమ్ముడు నా వైపు చూశాడు. మరదలు తమ్ముడి వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"మూడే ముక్కలక్కా. మరా, బొమ్మా, ఆకూ. నీ చేత్తో రాస్తే..."

"బ్రష్షు పట్టనని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు."

నాలుగేళ్ల కిందట మూడు రోజులు నా బొమ్మల ప్రదర్శన పెట్టాను. మొత్తం పదకొండు మంది వచ్చారు. అందులో తొమ్మిది మంది వానకి తడవకుండా లోపలికొచ్చినవాళ్లు, తగ్గగానే వెళ్లిపోయారు. మిగిలిన ఇద్దరూ తమ్ముడూ మరదలూ. ఆ సాయంత్రమే బ్రష్షులన్నీ పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను. బాధేమీ లేదు. అసలు గుర్తే లేదు.

6, గురువారం

ఓనరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఇక్కడే ఐసు అమ్మిన మనిషి. ఇప్పటికీ ఆవిడ నడిచొస్తే ఐసు దిమ్మ జరిగినట్టు ఉంటుంది. మూడు గదులూ తిరిగింది. మర గదిలో గీకుణ్ణి చూసింది, బొమ్మల గదిలో ఖాళీ గోడలు చూసింది, ఒకప్పుడు ఐసు తొట్లుండి ఇప్పుడు నాచూ మొక్కలూ నత్తలూ ఉన్న పచ్చగదిలో ముక్కు మూసుకుంది.

"బాగానే ఉంది. పిల్లల్ని తీసుకొస్తారు, చూస్తారు, పోతారు. మర్నాడు మళ్లీ ఎందుకొస్తారు?"

"వస్తారు పెద్దమ్మగారూ," అన్నాడు తమ్ముడు.

"వస్తారా అని అడగలేదయ్యా. ఎందుకొస్తారని అడిగాను."

తమ్ముడు ఆవిడకి కుర్చీ తేవడానికి వెళ్లాడు.

ముప్ఫయ్యో తేదీన తలుపులు తెరుస్తాం. ఆవిడ వచ్చి చూస్తుంది. నచ్చితే ఈ చోటు ఐదేళ్లకి అద్దెకి రాసిచ్చి సంతకం పెడుతుంది. నచ్చకపోతే సిమెంటు బస్తాలవాడు కాచుకుని ఉన్నాడు. తమ్ముడికి వెనక్కి పోవడానికి ఉద్యోగం లేదు. మరదలికి నత్తలు పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు. నాకేం, నాకు హాజరు పట్టీ ఉంది.

9, ఆదివారం

చేశాను. ఎందుకు చేశానో రాసుకుంటాను, రేపు నాకే అనుమానం రాకుండా.

ఇవాళ నాలుగు కుటుంబాలని సరదాగా రమ్మన్నాం. పిలవకుండానే ఓనరమ్మ వచ్చి కుర్చీ వేసుకుంది. నా పని గీకుడి వెనక చల్లగదిలో కూచుని, వెనక చిన్న తలుపులోంచి కొత్త కాగితం పెట్టడం. ఐసు దాచే గది కదా, గోడలు జానెడు మందం, లోపల ఏం చేసినా బయటికి వినపడదు. కెమెరా ఏం చూస్తోందో కనిపించే చిన్న తెర ఒకటి నా పక్కనే ఉంటుంది.

ఒక పిల్ల ఆకు పెట్టింది. తలుపులు మూసుకున్నాయి. గీకుడు మొదలుపెట్టాడు. వాడి గీతలు చూస్తుంటే తమ్ముడి మొహం ఎలా అవుతుందో నాకు ముందే కనపడింది. చిన్నప్పుడు గాలిపటం చెట్టుకి చిక్కుకున్నప్పటి మొహం. పక్కన అదే రకం నీలం పెన్ను ఉంది. అట్ట ఉంది. నాలుగు నిమిషాలున్నాయి.

మూడు నిమిషాల్లో అయిపోయింది. వాడి కాగితం లాగేసి నాది తోశాను. టింగ్.

బయట చప్పట్లు కొట్టారట. గోడల వల్ల నాకు వినపడలేదు. తమ్ముడే వచ్చి చెప్పాడు. చెబుతూ తనూ రెండు చప్పట్లు కొట్టి చూపించాడు.

ఇది బొమ్మ గీయడం కాదు, ఒక యంత్రానికి చేతి సాయం. రేపు చెప్పేస్తాను.

10, సోమవారం

చెప్పలేదు. పొద్దున్నుంచీ వాడు ఈల వేస్తూనే ఉన్నాడు.

12, బుధవారం

పక్క వీధి బళ్లోంచి ముప్ఫై మంది పిల్లలు. ముప్ఫై ఆకులు. మధ్యాహ్నానికి వేళ్లు కొంకర్లు పోయాయి. గీకుడు గీకిన కాగితాలు ఎక్కడ పారేయాలన్నదే పెద్ద చిక్కు. చెత్తబుట్టలో వేస్తే తమ్ముడు పట్టేస్తాడు. మర మేకు పోయిందేమోనని రోజూ బుట్ట బోర్లించి వెతికే మనిషి వాడు. అందుకని పచ్చగదిలో నత్తల పెట్టె వెనక, నాచు బస్తా కింద దాచాను. అక్కడికి ఎవరూ పోరు.

ఆకుల్లో ఒకటి పురుగు తిన్నది. అంచు మీద ఆ కొరికిన గాటు భలే ఉంది. దాన్ని గీస్తుంటే కాసేపు నాలుగు నిమిషాల సంగతే మర్చిపోయాను. తమ్ముడు తలుపు తట్టాడు, "ఏమైందక్కా, గంట మోగి చాలాసేపైంది" అని. కాగితం ఇరుక్కుందన్నాను.

రేపు చెబుతాను.

13, గురువారం

చల్లగదిలో ఉన్న విరిగిన స్టూలు పోయి మెత్త వేసిన కుర్చీ వచ్చింది. ఒక లైటు కూడా బిగించాడు. "కాగితాలు పెట్టేవాళ్లకి వెలుతురు కావాలి కదా" అన్నాడు. అమాయకుడు. నా మీద ఎంత నమ్మకం.

16, ఆదివారం

కాస్త చిలిపితనం చేశాను, ఒప్పుకుంటాను. నున్నని ఆకు, గాటు లేదు, మచ్చ లేదు, గీయడానికి ఏమీ లేదు. అందుకని దాని మీద ఒక చీమని గీశాను.

తమ్ముడు కాగితాన్ని ఆకు పక్కన పెట్టి చూశాడు.

"ఆకు మీద చీమ లేదక్కా."

"ఉండే ఉంటుంది. పాకిపోయి ఉంటుంది."

"కెమెరాలో కూడా లేదు." తల గోక్కున్నాడు. "అంటే గీకుడు సొంతంగా ఊహిస్తున్నాడన్నమాట."

నోటుపుస్తకం తీసి, తేదీ వేసి, 'ఊహ మొదలైంది' అని రాసుకున్నాడు. నవ్వాపుకోలేక చల్లగదిలోకి పోయి తలుపేసుకున్నాను. ఆ గోడలు కట్టినవాడు చల్లగా ఉండాలి.

ఓనరమ్మ ఆ చీమని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ముప్ఫయ్యో తేదీన ఇది నా బొమ్మ గీయాలి" అంది. "బాగా గీస్తే సంతకం."

17, సోమవారం

మరదలు పొద్దున్న టిఫిను తినలేదు. నత్తలకేదో జబ్బు చేసిందట. వాటి రెట్ట నీలంగా ఉందట.

19, బుధవారం

మరదలు మూడు నత్తలని విడిగా వేరే పెట్టెలో పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది. ఏం వినపడుతుందో నాకు తెలియదు. పెళ్లయిన పదకొండేళ్లలో అది కంగారు పడటం నేను చూడలేదు. తమ్ముడికి కరెంటు షాకు కొట్టినప్పుడు కూడా ముందు మెయిను కట్టేసి, తర్వాత వాణ్ణి తిట్టింది.

నిన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందట. ఆయన నత్తని బల్ల మీద పెట్టించి, "ఏ కాలు కుంటుతోందమ్మా" అని అడిగాడట. చెబుతూ ఏడ్చింది. నేను నవ్వాను, తర్వాత చాలా సిగ్గేసింది.

ఎందుకంటే మధ్యాహ్నం నాచు బస్తా ఎత్తి చూశాను. నేను దాచిన కాగితాలు అంచుల వెంట అచ్చం పురుగు తిన్న ఆకుల్లా ఉన్నాయి. నత్తలు రాత్రిళ్లు మూత జరుపుకుని బయటికొస్తాయనీ, కాగితం తింటాయనీ నాకేం తెలుసు. ఇన్నేళ్లు బళ్లో చెప్పిన మనిషిని, ఒక్కరూ చెప్పలేదు.

గీకుడి సిరా తిండిలో వేసే రంగుతో చేసిందే. పెన్నులు పిల్లలు నోట్లో పెట్టుకుంటారని మరదలే పట్టుబట్టి చేయించింది. కాబట్టి నత్తలకేమీ కాదు. ఈ మాట దానికి చెబితే చాలు, హాయిగా అన్నం తింటుంది. చెబితే కాగితాలెక్కడివని అడుగుతుంది.

రేపు చెబుతాను. ఇద్దరికీ ఒకేసారి.

20, గురువారం

వాన.

21, శుక్రవారం

వానకి నత్తలకి హుషారొచ్చింది. పట్టపగలే పెట్టె మూత జరుపుకుని రెండు బయటపడ్డాయి. మరదలు వాటి జిగురు దారి పట్టుకుని గోడ వెంట, కుళాయి వెనక, నాచు బస్తా దాకా వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

బస్తా ఎత్తింది. నీలం కాగితాలు ఒక్కొక్కటే తీసి, దులిపి, దొంతర పెట్టింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను మొక్కలకి నీళ్లు పోయడం మొదలుపెట్టాను. చేతిలో చెంబు లేదన్న సంగతి తర్వాత తెలిసింది.

"వదినా," అంది.

"ఊఁ."

"ఇవన్నీ గీకుడివే కదా."

"ఊఁ."

"మరి గోడకి తగిలించినవి?"

నేను కుళాయి కట్టేశాను. అది కూడా విప్పి లేదు.

మరదలు ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం నాలుగు ముద్దలు ఎక్కువే తింది. వెళ్లేటప్పుడు మాత్రం, "రేపు పసుపు రంగు పెన్ను ఒకటి ఇప్పించండి వదినా. నీలం చూసి చూసి విసుగొచ్చింది" అంది.

నోట్లో నాలుక లేదనుకున్నాను ఇన్నాళ్లూ. ఉంది, దాచుకుంటుంది.

23, ఆదివారం

పసుపు వచ్చింది. మరదలు చెమ్చాలో పెట్టి చూపించింది. అందంగా ఉందంటే ఎవరైనా నన్ను పిచ్చిదంటారు. అందంగానే ఉంది.

"ఆయనకి మీరే చెప్పండి," అంది. "నేను చెబితే బాగుండదు."

రేపు చెబుతాను.

25, మంగళవారం

చెప్పడానికే వెళ్లాను. వాడు గీకుడి లోపల తల దూర్చి, స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు.

"ఒరేయ్, ఒక మాట."

"చెప్పక్కా."

"గీకుడు గనక బొమ్మలు గీయలేకపోతే ఏం చేస్తావురా?"

స్క్రూడ్రైవరు తీశాడు. "ఇంత బాగా గీస్తుంటే అదేం మాట? మొన్నటి బొమ్మ చూశావా, వడిలిపోయిన ఆకు. ఆ వడలడం ఎవడికి చేతనవుతుందక్కా? నాలుగేళ్ల తర్వాత చూశాను అలాంటి బొమ్మ."

మళ్లీ తల లోపలికి పెట్టేశాడు. నేను ఇంటికొచ్చి అన్నం వండాను. వాడు నాలుగేళ్లని ఎందుకన్నాడో తెలియదు, లెక్క తప్పి ఉంటాడు.

29, శనివారం

వాడు ఇంకా గీకుడికి ఏదో బిగిస్తూనే ఉన్నాడు. బోర్డు తెల్లగా ఖాళీగా గోడకి ఆనించి ఉంది. నేను దాని పక్కనించి నాలుగుసార్లు నడిచాను, ఊరికే.

రేపు సంతకం అయ్యాక చెబుతాను. అప్పుడు ఎవరికీ నష్టం ఉండదు. ఇది పిరికితనం కాదు, ముందుచూపు.

30, ఆదివారం

మొదటినుంచీ రాస్తాను.

పదకొండింటికి తలుపులు తెరిచాం. మధ్యాహ్నానికి యాభై మంది పైనే. మూడింటికి కుండపోత వాన, ఇంకో పాతికమంది పరిగెత్తుకుంటూ లోపలికొచ్చారు. వీళ్లెవరో నాకు తెలుసు. వాన తగ్గగానే పోయేవాళ్లు.

ఓనరమ్మ మంచి చీర కట్టుకుని, పక్క పాపిడి తీసుకుని వచ్చి గీకుడి ముందు కూచుంది. తమ్ముడు కెమెరా బయటికి తీసి ఆవిడ వైపు తిప్పాడు. తలుపులు మూసుకున్నాయి. వెనక నా తెర మీద ఆవిడ మొహం. ఏం మొహం అది. ముప్ఫై ఏళ్లు చల్లటి ఆవిరిలో కళ్లు చికిలించి చికిలించి పడ్డ గీతలు, గట్టిగా బిగించిన పెదవులు, ముక్కు మాత్రం రాజుగారి ముక్కు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండో పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని గీశాను. నాకు ఇంత సంతోషంగా ఎప్పుడుందో గుర్తులేదు. ఇది రాస్తున్నాను కాబట్టి నిజమే రాస్తున్నాను.

అయిపోయింది. గీకుడి కాగితం తీయడానికి వెనక తలుపులోంచి చెయ్యి లోపలికి పెట్టాను.

టింగ్.

ముందు తలుపులు తెరుచుకున్నాయి.

తలుపుల మధ్య చెయ్యో కాలో పడితే లిఫ్టు దానంతటదే తెరుచుకుంటుంది కదా, ఆ ఏర్పాటు నిన్న గీకుడికి కూడా బిగించాడు నా తమ్ముడు. నేను అలాగే ఉండిపోయాను. ఒళ్లో అట్ట, నోట్లో పెన్ను, నుదుటి మీద కళ్లజోడు, వీపు కింద మెత్త. ఎదురుగా డెబ్భై అయిదు మంది.

ముందు వరసలో ఒక పిల్ల అంది, "అమ్మా, గీకుడి లోపల ఒక అత్త ఉంది."

వాళ్ల నాన్న పైనున్న రేకు చదివాడు. "ఎనిమిది మందని రాశారు. ఇంకో ఏడుగురు ఉండాలి."

అందరూ నవ్వారు, ఓనరమ్మ తప్ప.

"ఇన్నాళ్లూ గీసింది నువ్వా?"

పెన్ను నోట్లోంచి తీశాను. "నేనేనండి. నా తమ్ముడికి ఏమీ తెలియదు. తప్పంతా నాది. వాడి కష్టం చూసి..." అక్కడ ఆగిపోయాను. వాడి కోసమే చేశానని చెప్పబోయాను. డెబ్భై అయిదు మంది ముందు ఆ అబద్ధం నోటికి రాలేదు. "నాకు గీయాలనిపించిందండి," అన్నాను. "అంతే."

"మరి ఈ మర దేనికి పనికొస్తుంది?"

తమ్ముడు బూట్ల వైపు చూసుకుంటున్నాడు. అప్పుడు మరదలు ఆ గుంపులోంచి నత్తల పెట్టె ఎత్తుకుని వచ్చింది. నలుగురిలో మాట్లాడటం దానికి చావుతో సమానం.

"గీకుడు కాగితం నిండా గీకుతాడండి. పిల్లలు ఏ రంగు అడిగితే ఆ రంగు. అది పనికిరాని చెత్త... కాదు, అది వీటికి తిండి." పెట్టె మూత తీసి చూపించింది. "నత్తలు కాగితం తింటాయి. ఏ రంగు తింటే రేపు ఆ రంగే వస్తుంది."

"ఎక్కణ్ణించి వస్తుంది?" అంది ఆ పిల్ల.

మరదలు చెప్పింది.

తర్వాత జరిగిన గోల నేను రాయలేను. పిల్లలందరూ ఒకేసారి గీకుడి మీద పడ్డారు. ఆకుపచ్చ, నారింజ, గులాబి. ఒక్కొక్కరి కాగితం, ఒక్కొక్కరి నత్త, చిప్ప మీద అంటించిన చిన్న పేరు చీటీ. నేను వెనకనించి బయటికొచ్చి, అడిగినవాళ్లకి వాళ్ల ఆకు గీసిచ్చాను. 'లోపలి అత్త' ఏ బొమ్మ అయినా గీస్తుందని పుకారు పుట్టింది. ఒకడికి ఎంతో ముచ్చటగా గీసిస్తే, కాసేపు చూసి, "నాకు గీకుడిదే కావాలి, దీన్ని నత్త తినదు" అని తిరిగి ఇచ్చేశాడు. నాలుగేళ్ల కిందటైతే ఆ రాత్రికి నిద్ర పట్టేది కాదు. ఇవాళ నవ్వొచ్చింది.

ఓనరమ్మ నేను గీసిన తన బొమ్మ మడత పెట్టకుండా చేత్తో పట్టుకుంది. గీకుడు ఎరుపు రంగులో గీకిన తన కాగితాన్ని తనే పెద్ద నత్త ముందు పెట్టింది. అది కొరికే దాకా వంగి చూసింది. సంతకం మాట ఎత్తలేదు. చీకటి పడ్డాక గొడుగు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. సిమెంటు బస్తాలే అనుకున్నాను.

సర్దుతుంటే తమ్ముడితో మాట్లాడాను.

"నన్ను క్షమించరా."

"లిఫ్టుల్లో వేళ్లు పోయినవాళ్లని చూశానక్కా. అందుకే ప్రతి తలుపుకీ అది పెడతాను."

"వెనక తలుపుకి కూడానా?"

"వెనక మనిషి ఉంటేనే కదా వెనక తలుపుకి పెట్టేది."

మాట బుర్రకెక్కడానికి కాస్త టైము పట్టింది. మెత్త కుర్చీ, లైటు, ఊహ మొదలైందన్న నోటుపుస్తకం.

"ఎప్పుడు తెలిసిందిరా?"

"నువ్వు గీసిన మొదటి ఆకుకే. నీ గీత నాకు తెలియదా." మర మేకులు డబ్బాలో పోసుకుంటూ అన్నాడు. "గీస్తున్నావు కదా, కదిలిస్తే మానేస్తావేమోనని ఊరుకున్నాను. కానీ నువ్వలా గోడల మధ్య కూచుంటే ఆ చప్పట్లు నీకు వినపడటం లేదక్కా. నాకు అదే బాగాలేదు."

"సంతకం పోయిందేమోరా."

"పోతే పోనీ," అన్నాడు. కానీ చేతిలో డబ్బా కిందపెట్టి కాసేపు ఆ మూడు గదుల వైపూ చూశాడు. వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.

ఒకటి రాయడం మర్చిపోయాను. నాలుగున్నరకి వాన తగ్గింది. నేను హాజరు పట్టీ తీసి లెక్కపెట్టాను. ఎవరూ వెళ్లలేదు.

1, సోమవారం

ఎనిమిదిన్నరకి తాళం తీయడానికి వెళ్లేసరికి మెట్ల మీద ఓనరమ్మ. పాత చీర, తల దువ్వుకోలేదు. ఆవిడ వెనక ఏడుగురు పిల్లలు, వాళ్ల అమ్మలూ నాన్నలూ, బళ్ల సంచులతో.

"త్వరగా తియ్యి," అంది. "ఎర్రగా వచ్చిందా?"

మరదలు పెట్టె తెచ్చి చూపించింది. ఎర్రగానే వచ్చింది. ఆవిడ చాలాసేపు చూసి, సంచిలోంచి ఐదేళ్ల కాగితం తీసి, గీకుడి పళ్లెం మీదే పెట్టి సంతకం చేసింది.

"పెద్దమ్మగారూ, మోసం చేశాం కదండీ," అన్నాను, ఉండబట్టలేక.

"చేశారు. రాత్రంతా కోపంగానే ఉంది." పెన్ను మూత పెట్టింది. "ముప్ఫై ఏళ్లు ఐసు అమ్మానమ్మా. కొన్నవాడు మర్నాడు మళ్లీ రావాలి, నాకు తెలిసిన వ్యాపారం అదొక్కటే. పొద్దున్న చూసుకుంటే నేనే వచ్చి మీ మెట్ల మీద కూచున్నాను."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఖాళీ బోర్డు చూసి ఆగింది. "ఇదెవరు రాస్తారు?"

తమ్ముడు నా వైపు చూడలేదు. మరదలు తమ్ముడి వైపు చూడలేదు. ఇద్దరూ గోడ వైపే చూస్తున్నారు, దొంగమొహాలు.

బ్రష్షులు కొనడానికి వెళుతున్నాను. ఈ పూట నేను గైరుహాజరు.